కృపాబాయి సత్యనాథన్: జీవితము, రచనలు

గ్రంథాలయమునకు వచ్చు చదువరులలో పెక్కుమంది మొదట అడుగునది నవలయే. పురాణములను, చరిత్ర గ్రంథములను పెద్దలు కోరుదురు; పాఠ్య గ్రంథములను విద్యార్థులు కోరుదురు; నవలలను మాత్రము అందఱును కోరుదురు. మధ్యాహ్నపు వేళ ఇంటిపనులు ముగించుకొని, తమ్ముని చేతనో కుమారుని చేతనో పుస్తకము తెప్పించుకొని చదువుకొను గృహిణులు గ్రామగ్రామమున గలరు. వారు చదువు నవలలలో పెక్కింటిని వ్రాసినవారు స్త్రీలే. అది నేడు ఎవరికిని వింతగా తోచదు. కాని నూటముప్పది యేండ్లకు పూర్వము మన దేశమున ఒక స్త్రీ నవల వ్రాయుట యటుండగా, అక్షరములు నేర్చుటయే సాహసముగా నుండెను. అట్టి కాలమున, రోగముతో మంచము పట్టియు కలము విడువని ఒక యిల్లాలి చరిత్రను ఈ రజతోత్సవ సంచికలో చెప్పుకొనుట ఉచితమని తలంచుచున్నాను. ఆమె పేరు కృపాబాయి సత్యనాథన్. ఆంగ్లభాషలో నవలలు వ్రాసిన తొలి భారతీయ స్త్రీలలో ఆమె యొకతె.

కృపాబాయి 1862 వ సంవత్సరము ఫిబ్రవరి 14 వ తేదీన బొంబాయి రాజధానిలోని అహమ్మదునగరమున జన్మించెను. తండ్రి హరిపంత్ ఖిస్తీ, తల్లి రాధాబాయి. ఇరువురును మహారాష్ట్ర బ్రాహ్మణ కుటుంబములకు చెందినవారు. ఆ నగరమున అమెరికను మిషనువారు పనిచేయుచుండిరి. హరిపంతు వారి బోధలు విని క్రైస్తవ మతమును స్వీకరించెను. ఆ ప్రాంతపు బ్రాహ్మణులలో అట్లు మతము మార్చుకొన్న తొలివారిలో ఆయన యొకడు. ఆ దినములలో అది సామాన్య విషయము కాదు. బంధువుల పంక్తియు, ఊరివారి పలకరింపును ఒక్కసారిగా పోవును. రాధాబాయి అప్పటికి చిన్నది. భర్త త్రొక్కిన దారి ఆమెకు మొదట నచ్చలేదు. పుట్టి పెరిగిన ఆచారము ఒకవైపు, కట్టుకొన్న భర్త ఒకవైపు లాగుచుండగా ఆమె చాలకాలము నలిగిపోయి, తుదకు భర్త వెంట నడచెను. తల్లి పడిన ఆ వేదనను బిడ్డ మఱచిపోలేదు. తరువాత ఆమె వ్రాసిన నవలలో తొలి భాగమంతయు తల్లి కథయే.

కృపాబాయి చిన్నతనముననే తండ్రి మరణించెను. ఇంటి భారము తల్లిపైనను, పెద్దన్న భాస్కరునిపైనను పడెను. ఆడపిల్లకు చదువెందుకని ఇరుగుపొరుగువారు అనుకొను కాలమది. భాస్కరుడు మాత్రము చెల్లెలిని తన యొద్ద కూర్చుండబెట్టుకొని పుస్తకములు చదివించెను. తనకు తెలిసిన విషయములన్నియు ఆమెతో ముచ్చటించెను. దక్కను పీఠభూమి కొండలను, లోయలను, సూర్యాస్తమయములను చూపి వాని యందమును గ్రహించుట నేర్పెను. ఆ యన్నయే ఆమెకు తొలి గురువు. ఆయనయు చిన్న వయస్సుననే కన్నుమూసెను. తండ్రి పోయిన దుఃఖమును మరపించినవాడే పోవుటతో ఆ బాలిక మనస్సున మాననిగాయ మేర్పడెను.

పిమ్మట కృపాబాయిని బొంబాయిలో మిషను స్త్రీలు నడుపు పాఠశాలకు పంపిరి. అచ్చట ఒక అమెరికను వైద్యురాలు ఆమె తెలివితేటలను చూచి ప్రోత్సహించెను. వైద్యవిద్య నేర్వవలెనను కోరిక కృపాబాయికి అప్పుడు కలిగెను. ఆ కోరికకు కారణము లేకపోలేదు. ఘోషాలో నుండు స్త్రీలు, ప్రాణము మీదికి వచ్చినను పురుష వైద్యునికి నాడి చూపని రోజులవి. స్త్రీకి స్త్రీయే వైద్యము చేయవలసియుండెను. కాని చేయగల స్త్రీలు లేరు. ఆమెను ఇంగ్లండుకు పంపుటకు విద్యార్థి వేతనము కూడ సిద్ధమయ్యెను. అయితే ఆమె శరీరము దుర్బలమైనదనియు, ఆ చలి దేశమున నిలువజాలదనియు పెద్దలు సందేహించిరి. అందుచేత 1878 వ సంవత్సరమున ఆమె మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. ఆ కళాశాల తలుపులు స్త్రీలకు తెఱువబడి అప్పటికి మూడేండ్లే.

మద్రాసులో ఆమెకు వసతి యిచ్చినవారు చింతాద్రిపేటలోని రెవరెండు డబ్ల్యు. టి. సత్యనాథన్ గారు. ఆయన భార్య అన్నా సత్యనాథన్ బాలికా పాఠశాలలు నడుపుచు, ఇంటింటికి పోయి స్త్రీలకు చదువు చెప్పుచుండెడి ఉత్తమురాలు. తమిళమున గ్రంథరచన చేసినది. ఆ యింట కృపాబాయి కన్నబిడ్డవలె మెలగెను. కళాశాలలో మొదటి సంవత్సరమున ఆమె పలు విషయములలో బహుమానములు పొందెను. కాని రాత్రింబవళ్లు చేసిన శ్రమకు దేహము లొంగిపోయెను. ఏడాది తిరుగునప్పటికి చదువు మానుకొని, పూనాలోని సోదరి యింటికి పోవలసి వచ్చెను. ఇంగ్లండు ప్రయాణము పోయినది. ఇప్పుడు వైద్యవిద్యయు పోయినది. ఇరువది యేండ్లయినను నిండని యువతికి ఇంతకన్న పెద్ద దెబ్బ యేముండును? తాను తెలివి తక్కువై ఓడిపోలేదు. తన శరీరమే తన్ను ఓడించెను.

1881 వ సంవత్సరమున ఆమె మద్రాసునకు మరల వచ్చెను. అప్పుడు సత్యనాథన్ దంపతుల కుమారుడగు శామ్యూలు సత్యనాథన్‌తో పరిచయము కలిగెను. ఆయన కేంబ్రిడ్జిలో చదివిన విద్యావంతుడు. ఇరువురి మనస్సులు కలిసి వివాహము జరిగెను. బాల్య వివాహములు సర్వసామాన్యమైన ఆ కాలమున, యుక్త వయస్సు వచ్చిన వధూవరులు ఒకరి నొకరు ఎఱిగి, ఇష్టపడి పెండ్లాడుట అరుదు. ఆమె నవలలలో కనుపించు ప్రేమ పుస్తకములలో చదివి నేర్చినది మాత్రమే కాదు. ఆమె యనుభవించి తెలిసికొన్నది.

శామ్యూలు ఉదకమండలమున బ్రీక్స్ స్మారక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా నియమింపబడెను. దంపతులు అచ్చట కాపురము పెట్టిరి. కొండగాలికి కృపాబాయి ఆరోగ్యము కొంత కుదుటపడెను. ఆమె ఊరకుండక మహమ్మదీయ బాలికలకొఱకు ఒక పాఠశాల తెఱచెను; ఇతర బాలికా పాఠశాలలలోను పాఠములు చెప్పెను. పత్రికలకు వ్యాసములు వ్రాయుటయు ఆ రోజులలోనే ఆరంభమయ్యెను. ఆ వ్యాసములకు తన పేరు పెట్టక, ఒక భారతీయ స్త్రీ యని మాత్రమే సంతకము చేయుచుండెను. స్త్రీ విద్య, పిల్లల పెంపకము, సంఘాచారములు ఆ వ్యాసములలో విషయములు.

1884 వ సంవత్సర ప్రాంతమున ఈ దంపతులు మన రాజమహేంద్రవరమునకు వచ్చిరి. ఆంధ్ర పాఠకులకు ఇది జ్ఞాపకముంచుకొనదగిన విషయము. అంతకు మూడేండ్ల క్రిందట, 1881 డిసెంబరు 11 వ తేదీన, కందుకూరి వీరేశలింగముగారు ఆ పట్టణముననే మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఆయన రాజశేఖర చరిత్రము 1880 లో పుస్తకముగా వెలువడియుండెను. స్త్రీ విద్యను గూర్చియు, వితంతువుల దుస్థితిని గూర్చియు తీవ్రమైన చర్చలు జరుగుచున్న ఊరది. కృపాబాయి తరువాత వ్రాసిన నవలలోని ప్రధాన సమస్యయు వితంతువు జీవితమే. కాని గోదావరి తీరపు వాతావరణము ఆమెకు సరిపడలేదు. తఱచుగా జబ్బుపడుచుండుటచే ఇచ్చట ఎక్కువ కాలము నిలువలేకపోయెను. కుంభకోణమున కొంతకాలము గడపి, 1886 లో దంపతులు మద్రాసు చేరుకొనిరి.

మద్రాసులో ఆమె మొదటి నవలయగు సగుణ రూపొందెను. అది 1887, 1888 సంవత్సరములలో మద్రాసు క్రైస్తవ కళాశాల పత్రికయందు భాగములుగా వెలువడెను. కథానాయిక సగుణ ఎవరో కాదు. పేరు మార్చుకొన్న కృపాబాయియే. అత్తవారింట చిన్ననాటినుండి చాకిరి చేసిన తల్లి, మతము మార్చుకొన్న తండ్రి, చదువు చెప్పిన యన్న, బొంబాయి పాఠశాల, మద్రాసు వైద్య కళాశాల, తుదకు తన్ను సమానురాలిగా నెంచు వరుని లభించుట, అన్నియు ఇందు గలవు. క్రైస్తవ కుటుంబపు కథ యని పేరేగాని, మిషను దొరసానులలో కొందఱి గర్వమును, దేశీయ క్రైస్తవులను తక్కువగా చూచు తీరును ఆమె దాచలేదు. స్వమతమువారి లోపమైనను నిర్భయముగా చెప్పుట ఆ రచనకు గౌరవము తెచ్చినది.

ఆ తరువాతి దినములు కష్టములతో నిండినవి. ఆమెకు పుట్టిన ఒక్క బిడ్డయు ఏడాది నిండకమునుపే చనిపోయెను. 1890 లో అత్తగారును, 1892 లో మామగారును గతించిరి. తన వ్యాధి నయమగునది కాదని ఆమెకు తెలిసిపోయెను. అట్టి స్థితిలో, లేవలేని దినములలో సహితము కొంచెము కొంచెముగా వ్రాయుచు, రెండవ నవలయగు కమలను పూర్తిచేసెను.

కమల హిందూ జీవితమునకు సంబంధించిన కథ. కొండలలో, దేవాలయ సమీపమున, విరాగియగు తండ్రి యొద్ద పెరిగిన ముగ్ధ బాలిక కమల. లోకము తెలియని ఆ పిల్లను చిన్నతనముననే గణేశునకిచ్చి వివాహము చేయుదురు. అత్తింట ఆరళ్లు ఆరంభమగును. భర్త ఆమెకు చదువు చెప్ప మొదలిడును. ఆ పుస్తకము నడుమ ఇరువురికిని స్నేహము చిగుర్చును. కాని ఇంటివారి యెత్తిపొడుపులకు అతడు చదువు చెప్పుట మానుకొనును. మఱియొక స్త్రీ వలలో పడి భార్యకు దూరమగును. కమల భర్తను పోగొట్టుకొనును, బిడ్డను పోగొట్టుకొనును. ఆమెను మొదటినుండి ప్రేమించిన రామచంద్రుడు వచ్చి వివాహమాడుమని కోరును. ఆమె మనస్సు అతనివైపే మొగ్గును. అయినను తాను పెరిగిన ఆచారమును దాటలేక, కాదని, శేషజీవితమును దిక్కులేనివారి సేవకు వినియోగించును.

రచయిత్రి క్రైస్తవురాలైనను కథానాయికను మతము మార్పించలేదు. కమల తన విశ్వాసమున తానుండియే ఉన్నతురాలగును. రామచంద్రుని కాదన్నది ధర్మమా, సంకెలయా యని నిర్ణయించు భారమును రచయిత్రి చదువరికే విడిచినది. వీరేశలింగముగారి పక్షమువారొక విధముగాను, పూర్వాచార పరాయణు లొక విధముగాను తీర్పు చెప్పవచ్చును. ఇరుపక్షములవారికిని ఆ పిల్లపై జాలి మాత్రము తప్పదు.

ఈ రచనలకు ప్రేరణ యెచ్చటినుండి వచ్చినదని విచారించినచో నాలుగు మూలములు కానవచ్చును. మొదటిది, దక్కను ప్రకృతి. కొండలు, వాగులు, గుడి మెట్లు లేని ఘట్టములు కమలలో తక్కువ. రెండవది, తల్లి చెప్పిన కథలు. తాను క్రైస్తవ గృహమున పెరిగినను, అత్తింటి కోడలి కష్టములను ఇంత యథార్థముగా వ్రాయగలుగుటకు రాధాబాయియే కారణము. మూడవది, అన్న చేతికిచ్చిన ఆంగ్ల గ్రంథములు. నాలుగవది, తన దుఃఖము. కమల ఒడిలోని బిడ్డ పోయిన ఘట్టమును, బిడ్డను పోగొట్టుకొన్న తల్లియే వ్రాసినది.

లోపములు లేవని కాదు. కథలలో యాదృచ్ఛిక సంఘటనలు మిక్కుటము. ఆంగ్లమున వ్రాయుటచే, ఆమె ఎవరి కష్టములను వ్రాసెనో ఆ యిల్లాండ్రు వానిని చదువజాలకపోయిరి. తరువాత తమిళమున అనువాదములు వచ్చుటచే ఆ కొఱత కొంత తీరెను.

1894 వ సంవత్సరము ఆగస్టు 3 వ తేదీన కృపాబాయి పరమపదించెను. అప్పటికి ఆమెకు ముప్పదిరెండేండ్లు. కమల ఆ సంవత్సరముననే పుస్తకముగా వెలువడెను. సగుణ 1895 లో వచ్చెను. వ్యాసములు 1896 లో సంపుటిగా ముద్రితమయ్యెను. శామ్యూలు తరువాత వివాహమాడిన విదుషి పేరును కమలయే యగుట విచిత్రము. తెలుగు కుటుంబమున జన్మించిన ఆ కమలా సత్యనాథన్ 1901 లో మద్రాసునుండి స్త్రీలకొఱకు ఇండియన్ లేడీస్ మాగజీన్ అను ఆంగ్ల పత్రికను స్థాపించెను. ఆమె కాలము తరువాత చాలకాలము మఱుగున పడిన కృపాబాయి నవలలు రెండును 1998 లో ఆక్సుఫర్డు ముద్రణాలయము వారిచే మరల ప్రకటింపబడెను.

ఆమె స్మారకముగా ఆనాటి పెద్దలు రెండు ఏర్పాట్లు చేసిరి. మద్రాసు వైద్య కళాశాలలో చదువు స్త్రీకి ఒక విద్యార్థి వేతనము. మెట్రిక్యులేషను పరీక్షలో ఆంగ్లమున ప్రథమురాలగు బాలికకు ఒక పతకము. తాను పూర్తిచేయలేని చదువును మఱియొక బాలిక పూర్తిచేయుటకు ఆమె పేరు తోడ్పడినది. ఇంతకన్న తగిన స్మారకము వేఱొకటి లేదు.

చదువరులారా! ఒక అన్న తన చెల్లెలికి పుస్తకము నిచ్చెను. దానినుండి ఇంతటి చరిత్ర పుట్టినది. మన గ్రంథాలయము వంటివి ఎన్ని బీరువాలు నింపినను, ఆ పుస్తకము ఇంటిలోని ఆడపిల్ల చేతికి చేరనిచో ఫలము సగమే. చందాదారులు తమకొఱకు ఒక పుస్తకము తీసికొని పోవునప్పుడు, ఇంటనున్న చెల్లెలికొఱకో కుమార్తెకొఱకో మఱియొకటి కూడ తీసికొని పోవుట అలవాటు చేసికొందురు గాక!