మూడోసారి పాసైన మేధావి – యల్లాప్రగడ సుబ్బారావు

బోదకాలు అంటే మన శ్రీకూర్మం పరిసరాల్లో తెలియని వారుండరు. ఆ వ్యాధికి మనమంతా మింగిన డి.ఇ.సి. మాత్ర వెనుక ఒక తెలుగువాడు ఉన్నాడని మాత్రం చాలామందికి తెలియదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పేద కుటుంబం. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపుతో ఖద్దరు ధరించి ఒక ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. స్ప్రూ అనే వ్యాధి ఇద్దరు సోదరులను బలిగొంది. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపింది.

1922లో దాతల సహాయంతో, మామగారి అండతో అమెరికా వెళ్ళారు. అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేస్తూ చదువుకున్నారు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి కండరాలకు శక్తినిచ్చే పదార్థాలపై కృషి చేశారు. 1929లో ఏ.టి.పి.ని వెలికితీశారు. బాక్టీరియాలో డి.ఎన్.ఏ.ను కత్తిరించే కొన్ని ఎంజైములు కూడా ఈ ఏ.టి.పి. ఇచ్చే శక్తితోనే పనిచేస్తాయి.

హార్వర్డులో శాశ్వత ఉద్యోగం దొరకక 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను చంపిన స్ప్రూకు అదే మందయింది! కణం డి.ఎన్.ఏ. తయారు చేసుకోవాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దానిలాగే కనిపించి కణాన్ని మోసగించే అమినోప్టెరిన్‌ను కూడా ఆ బృందమే తయారుచేసింది. దానితో 1948లో డాక్టర్ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించారు.

డి.ఎన్.ఏ. తయారీని ఆపడం ఆనాటి మార్గం. కోరిన చోట డి.ఎన్.ఏ.ను కత్తిరించడం తరువాతి మార్గం. 1996లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో శ్రీనివాసన్ చంద్రశేగరన్ బృందం ఫోక్-1 ఎంజైములోని కత్తిరించే భాగానికి వేరే ప్రోటీనును అతికించి, కొత్త చోటును గుర్తించి కత్తిరించే ఎంజైములను సృష్టించింది.

సుబ్బారావు గారి నాయకత్వంలోనే 1947లో డి.ఇ.సి. వెలువడింది. 2004 నుండి బోదవ్యాధి ఉన్న జిల్లాల్లో ఏటా పంచిన మాత్ర అదే. 1948 ఆగస్టులో, 53వ ఏట ఆయన అమెరికాలోనే కన్నుమూశారు. మళ్ళీ స్వదేశం చూడలేదు. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మిత్రులారా! పరీక్ష తప్పినంత మాత్రాన ఈ హాస్టల్ వదలి ఇంటికి వెళ్ళిపోవద్దు. మనలో ఎవరి చేతిలో ఏ మందు ఉందో ఎవరికి తెలుసు?