నార్బర్టు వీనరు పండితుడు

విద్య దానము చేసినకొలది వృద్ధి పొందునని మన పెద్దలు చెప్పుదురు. అయితే ఆ విద్యను అడుగువాడు ప్రాణహాని కొరకు అడిగినయెడల విద్వాంసుడేమి చేయవలెను? ఈ ప్రశ్నను ఎదుర్కొనిన యొక మహనీయుని చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగ తెలుపుచున్నాము.

నార్బర్టు వీనరు అమెరికా దేశమందలి కొలంబియా పట్టణమున 1894వ సంవత్సరము నవంబరు 26వ తేదీన జన్మించెను. తండ్రి లియో వీనరు హార్వర్డు విశ్వవిద్యాలయమున భాషాచార్యుడు. ఆయనయే కుమారునికి గురువై కఠిన శిక్షణతో విద్య గరపెను. బాలుడు 14వ యేట పట్టభద్రుడై, 18వ యేట డాక్టరు బిరుదము నందెను. 1919 మొదలు మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున గణితము బోధించెను.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున విమానముల వేగము హెచ్చుటచే వానిని ఫిరంగులతో కొట్టుట దుస్సాధ్యమయ్యెను. గుండు పైకి చేరులోపల విమానము ముందునకు సాగిపోవును గదా! కావున విమానమున్న చోటికి గాక, అది చేరబోవు చోటికి గురి పెట్టవలెను. గడచిన గమనమునుబట్టి రాబోవు గమనమును లెక్కించు గణితమును వీనరు కనుగొని, 1942లో రహస్య నివేదికగా వ్రాసెను. ఆయన తలపెట్టిన యంత్రము యుద్ధరంగమునకు పోలేదు. గణితము మాత్రము నిలిచెను.

1945లో హిరోషిమా, నాగసాకి నగరములు అణుబాంబులచే నాశనమయ్యెను. వీనరు మనస్సు మిగుల కలత చెందెను. అటుపిమ్మట క్షిపణుల పనిలోనున్న విమాన కంపెనీ ఇంజనీరొకడు ఆ నివేదిక ప్రతిని కోరగా, ఆయన ఇయ్యనని తెలిపెను. ఆ లేఖ 1947 జనవరిలో అట్లాంటిక్ మంత్లీ పత్రికయందు ప్రకటింపబడెను. జ్ఞానమునిచ్చుట ఎల్లవేళల నిర్దోషమైన కార్యము కాదని ఆయన నమ్మకము. ఆ వెనుక ఆయన చెవిటివారికి స్పర్శచే మాటలు తెలుపు సాధనమునుగూర్చి కృషి చేసెను. 1955లో కలకత్తాకు వచ్చి భారత గణాంక సంస్థలో బోధించెను. 1964 మార్చి 18న స్టాక్‌హోములో పరమపదించెను.

అయితే ఒక సంగతి దాచరాదు. ఆ నివేదికయే 1949లో గ్రంథముగ వెలువడి అందరికిని లభ్యమయ్యెను. ఒకరు మూసిన తలుపు వేరొకచోట తెరవబడును. ఆయన గతించిన సుమారు ఏబది యేండ్లకు, 2013లో, అమెరికాలో ట్రాకింగ్‌పాయింట్ కంపెనీవారు కంప్యూటరు అమర్చిన తుపాకిని అమ్మజూపిరి. వేటగాడు గురిని గుర్తించి మీట నొక్కియుంచిన చాలును. దూరము మొదలగువానిని లెక్కించి, గురి కుదిరినప్పుడే అది పేలును. దానిని నడుపునది లైనక్స్. వేలాది జనులు ఉదారముగ వ్రాసి లోకమునకిచ్చిన సాఫ్ట్‌వేరది. దానిని ఎవరైనను ఏ పనికైనను వాడుకొనవచ్చును. 2015లో ఇద్దరు పరిశోధకులు, దూరమునుండియే ఆ తుపాకి గురిని మార్చవచ్చునని ప్రదర్శించి చూపిరి.

దానమిచ్చినవారిని నిందించుట మా యుద్దేశము కాదు. ఆ దానముచేతనే లోకమున అనేక పాఠశాలలును, వైద్యశాలలును మేలు పొందుచున్నవి. వీనరు లేఖ క్షిపణులను ఆపలేదు. అయినను ఆయన పిలాతువలె చేతులు కడిగికొనక, తన విద్యకు తానే జవాబుదారి నని యొప్పుకొనెను. విద్యార్థులారా! రేపు మీ విద్యను ఎవరైనను అడిగినప్పుడు, ఎందులకని విచారించుడు.