అస్సీసీ ఫ్రాన్సిసుగారి యానందము

సుఖమునకును ఆనందమునకును భేదము లేదని తలచువారు మనలో ననేకులు గలరు. ధనము, ఆరోగ్యము, బంధువుల యాదరము, లోకుల మెప్పు, వీనివలన గలుగు తృప్తికే వారు ఆనందమని పేరు పెట్టుదురు. ఇటలీదేశమునందలి అస్సీసీ పట్టణమున బుట్టిన ఫ్రాన్సిసుగారి చరిత్రము చదివినపిదప నీ యభిప్రాయము నిలుచుట కష్టము.

ఫ్రాన్సిసు 1181వ సంవత్సరమున గాని 1182వ సంవత్సరమున గాని జన్మించెను. తండ్రి పియెట్రో బెర్నార్డోనే ధనవంతుడగు బట్టలవర్తకుడు. కుమారుడు చెలికాండ్రకు విందులొసగుచు, రాత్రులు పాటలతో వీథులవెంట దిరుగుచు, విచ్చలవిడిగా ధనము వెచ్చించుచుండెను. 1202లో పెరూజియా పట్టణమువారితో జరిగిన యుద్ధమున బట్టుబడి యించుమించుగా నొక సంవత్సరము చెఱలోనుండెను. పిదప దీర్ఘవ్యాధి కలిగెను. అది నెమ్మదించి, చేతికఱ్ఱ యూతగా బయలువెడలి, తనకు ప్రియములగు పొలములను ద్రాక్షతోటలను జూచినప్పుడు వానియందాతనికి సంతోషము తోపలేదు. ఇది గమనింపదగినది. అప్పటికి వారి యాస్తిలో నొక కాసైనను తగ్గలేదు; రుచి మాత్రమే పోయినది.

పూర్వము దూరమునుండి చూచినంతనే ముక్కు మూసికొని తొలగిపోవు కుష్ఠరోగుల నడుమకు బోయి, అతడు వారి పుండ్లు కడుగసాగెను. తన జీవితపు మార్పునకు దీనినే మొదలుగా మరణశాసనమున బేర్కొనెను.

శిథిలమైన సాన్ దామియానో దేవాలయమును బాగుచేయగోరి తండ్రి కొట్టులోని బట్టలను ఫొలీన్యోలో నమ్మివేయగా, తండ్రి ఫిర్యాదు చేసెను. 1206లో విచారణ బిషప్పు ఎదుట జరిగెను. న్యాయవాదవృత్తిలో నున్నవాడను గనుక చెప్పుచున్నాను: తండ్రి వాదమే న్యాయమైనది. పరులసొత్తు ధర్మకార్యమునకు వినియోగించినను పరులసొత్తే. బిషప్పుగారును సొమ్ము తిరిగి యిమ్మనియే చెప్పిరి. ఫ్రాన్సిసు సొమ్ముతోబాటు తాను ధరించిన వస్త్రములను సైతము విప్పి తండ్రిముందుంచి, ఇకమీద పరలోకమందలి తండ్రియే తనకు తండ్రియని చాటి, వారసత్వమును వదలుకొనెను. ప్రతివాది దావాసొమ్ముకంటె నెక్కువ చెల్లించి సంతోషముతో వెడలిపోయిన వ్యాజ్యెము నే నింకొకటి యెఱుగను.

శిష్యులు చేరిరి. 1209లో మూడవ యిన్నొసెంటు పోపుగారు వారి నియమావళిని నోటిమాటగా నంగీకరించిరి. 1219లో క్రూసేడు యుద్ధము నడుమ ఈజిప్టునకు బోయి, నిరాయుధుడై సుల్తాను కామిలుగారిని దర్శించి, కంటిజబ్బుతో మరలివచ్చెను. 1220లో సంఘాధిపత్యమును విడిచెను. తాను స్థాపించిన సంఘమే దారిద్ర్యవ్రతమును సడలించుచుండుట చూచి మిక్కిలి దుఃఖించెను. దుఃఖపడనివాడే యానందము గలవాడని తలచువారు ఈ సంవత్సరములను విచారింపవలెను.

1225లో సాన్ దామియానోయందు గుడిసెలో బరుండియుండెను. వెలుతురు కన్నులకు దుర్భరము, ఎలుకలు నిద్రపోనీయవు. ఆ స్థితిలో, సూర్యచంద్రులను, వాయువును, జలమును, అగ్నిని తోబుట్టువులుగా నెంచి భగవంతుని స్తుతించు గీతమును లాటినున గాక తన ప్రాంతపు జనభాషలో రచించెను. సూర్యుని జూడలేనివాడు సూర్యునికై కృతజ్ఞుడయ్యెను! వైద్యులు చెవి మొదలు కనుబొమవఱకు కాల్చిన యినుముతో వాతపెట్టినప్పుడు తోడివారు చూడజాలక వెలుపలికి బోయిరి. ఉపవాసములచే శరీరమును మితిమీఱి శోషింపజేసెననుటలో సందేహము లేదు. అవసానమున దానును దాని నొప్పుకొనెను. అది యనుకరణీయమని నేననను.

1226లో మరణ మాసన్నమైనదని తెలిసి, అస్సీసీ బిషప్పు మందిరమున బరుండి, సహచరులచే నా గీతమునే రేయింబగళ్లు పాడించుకొనుచుండెను. పశ్చాత్తాపపడవలసిన వేళ నీ పాటలేమని పురజనులు తప్పుపట్టుదురేమోయని సంఘపెద్దయగు ఏలియా సంకోచపడెను. మర్యాద నెఱిగిన గృహస్థులము మనమైనను అట్లే యందుము. ఫ్రాన్సిసు పాట మానలేదు. మృత్యువును సోదరిగా నెంచు చరణమును దానికి జేర్చెను. పిదప నగరము వెలుపలి పోర్టియుంకులా ప్రార్థనాలయమునకు మోయించుకొనిపోయి, తన కోరికచొప్పున కటికనేలపై బరుండి, అక్టోబరు 3వ తేది సాయంకాలమున దేహము చాలించెను.