గెలిచిన రాజు దుఃఖం



పలాస నుంచి ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి వెళ్తే, ఋషికుల్య నది దగ్గర జౌగడలో ఒక పెద్ద బండ మీద అశోక చక్రవర్తి శాసనాలు ఉన్నాయి. టెక్కలి, ఉద్దానం కలిసిన మన తీరమంతా ఒకప్పటి కళింగమే. కళింగ యుద్ధం అనగానే మనకు బడిలో చదివిన పాఠం గుర్తొస్తుంది. కానీ అది మన నేల మీద పడిన దెబ్బ.

అశోకుడు చంద్రగుప్త మౌర్యుడి మనుమడు, బిందుసారుడి కుమారుడు. క్రీ.పూ. 268 ప్రాంతంలో పట్టాభిషిక్తుడయ్యాడు. ఎనిమిదేళ్లకు కళింగం మీద దండెత్తి గెలిచాడు. ఆ గెలుపు లెక్క అతడే రాయించాడు. లక్ష మంది హతులయ్యారు. లక్షా 50 వేల మంది చెరపట్టబడ్డారు. అంతకు ఎన్నో రెట్ల మంది ఇతరత్రా చనిపోయారు. బతికినవారికీ ఆప్తులు పోయిన దుఃఖం మిగిలిందని ఒప్పుకున్నాడు. గెలిచిన రాజు తన గెలుపుకు బాధపడి, ఆ బాధను రాతి మీద చెక్కించడం లోకంలో బహు అరుదు.

తర్వాత అతడు బౌద్ధ ధర్మం వైపు తిరిగాడు. దారుల వెంట బావులు తవ్వించాడు, చెట్లు నాటించాడు, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాడు. క్రీ.పూ. 232 ప్రాంతంలో చనిపోయేదాకా మరో దండయాత్ర మాట అతని శాసనాల్లో కనిపించదు.

అయితే మారుమనస్సును ఫలాలను బట్టి చూడాలని మనం నేర్చుకున్నాం. అశోకుడు కళింగాన్ని తిరిగి ఇవ్వలేదు. చెరపట్టినవారిని ఇళ్లకు పంపినట్టు శాసనం చెప్పదు. అదే శాసనంలో అడవి జాతులకు తన బలం గుర్తుచేసి హెచ్చరించాడు. మరో సంగతి: ఆ దుఃఖ శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది కానీ, కళింగంలోని ధౌలిలో, జౌగడలో లేదు. అక్కడ దాని బదులు, ప్రజలంతా తన బిడ్డలనీ, ఎవరినీ అన్యాయంగా బంధించి హింసించవద్దనీ అధికారులకు ఆజ్ఞలున్నాయి. కొడుకును పోగొట్టుకున్న తల్లి ముందు ఆ లెక్క చదివించడం ఏ రాజుకైనా కష్టమే.

యుద్ధానికి అర్థం ఉందా? ఇల్లు కాపాడుకోవడానికి నిలబడినవాణ్ణీ, రాజ్యం పెంచుకోవడానికి వచ్చినవాణ్ణీ ఒకే గాటన కట్టలేం. అయినా ఇద్దరి చేతులకూ రక్తం అంటుతుంది. ఎన్నో యుద్ధాలు గెలిచిన దావీదును సైతం, రక్తం ఒలికించినవాడవని చెప్పి దేవుడు మందిరం కట్టనివ్వలేదు. అశోకుడు తర్వాత చేసిన మేలు గొప్పదే. కానీ బావులు తవ్వడానికి లక్ష ప్రాణాలు అక్కర్లేదు. ఆ మేలు యుద్ధం ఇచ్చిన అర్థం కాదు, యుద్ధాన్ని వదిలినందువల్ల వచ్చిన ఫలం.

రాజు దుఃఖానికి బండ దొరికింది. అతని ఆజ్ఞకు కత్తి దూసిన సైనికుడు ఇంటికి చేరి ఎలా నిద్రపోయాడో ఏ రాయీ చెప్పదు. ఉద్దానం ఊళ్ల నుంచి నేడు ఎందరో బిడ్డలు సైన్యంలో ఉన్నారు. సెలవుకు వచ్చినవాడికి దండ వేసి, వీరగాథ చెప్పమంటాం. అతడు మౌనంగా ఉంటే గర్వం అనుకుంటాం. మద్యం ముడితే వెలివేస్తాం. సంఘమా, అతణ్ణి తొందరపెట్టకు. పక్కన కూర్చో. చెప్పినంత విను, చెప్పలేనిది ప్రార్థనలో మోయి. అతని దుఃఖానికి కూడా చోటు కావాలి.