రైతుబజార్‌కు పాతికేళ్ల శాలువా

2024 జనవరి 26న జెండా పండగతో పాటు ఇంకో పండగా చేసుకోవాల్సింది. 1999లో ఇదే రోజున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలయ్యాయి. హైదరాబాద్‌లో గడ్డిఅన్నారం, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకు రైతుబజార్ అంటే కొత్తపేట దగ్గర ఉన్నదే; బోర్డు మీద పేరు సరూర్‌నగర్‌ది. పాతికేళ్లు మన వంటిళ్లను నడిపిన దానికి సభ ఎవరు పెట్టారు? ఆ శాలువా ఏదో మనమే కప్పుదాం.

ముందు ధరల బోర్డుకు. ఏ పూటకాపూట ధర కట్టి అందరికీ కనబడేలా రాస్తారు. టోకు ధరకు కాస్త పైన, బయటి చిల్లర ధరకు కాస్త కింద. దళారి కమీషన్ రైతు కొంగులోనే ఉంటుంది, మనకు గీచిగీచి అడిగే బాధ తప్పుతుంది. బేరమాడనిదే కూర రుచించని వాళ్లూ మా పేటలో ఉన్నారనుకోండి; వాళ్ల కోసం కొసరు ఉండనే ఉంది.

తర్వాత, ఇబ్రహీంపట్నం, యాచారం వైపు నుంచి చీకటితోనే గంపలెత్తుకొచ్చే అక్కలకు, అన్నలకు. పొలం ఉందో లేదో, అందులో ఏం వేశారో అధికారులు చూసి కార్డు ఇస్తారు. కూర్చునే చోటుకు కిరాయి లేదు. కార్డు ఒకరిది, గంప ఇంకొకరిది అనే గొడవ రైతుబజార్లలో ఎప్పటినుంచో వింటున్నదే, పండగ పూటని దాచనక్కర్లేదు. కానీ పండించిన మనిషి ఎవరో కనిపెట్టడం కష్టం కాదు. “ఇంకెన్నాళ్లొస్తది అక్కా?” అని అడిగితే చాలు. పండించినామె ఇంకెన్ని కోతలున్నాయో చెబుతుంది. కొనుక్కొచ్చి అమ్మేవాడు ఏడాదంతా వస్తుందంటాడు.

నాకైతే ఈ బజారు చేసిన గొప్ప మేలు అదే, అపార్ట్‌మెంట్లలో ఉండే మనకు కాలం తెలియజేయడం. సంక్రాంతి చుట్టూ అనపకాయ, పచ్చి కందికాయ, చిక్కుడు. ఎండలు ముదిరాక చింతచిగురు, పప్పులోకి మామిడికాయ. వానలు పడగానే బోడకాకర, దాని ధర చూసి గుండె దడ. పుంటికూర, గంగవాయిలి కూర, పొన్నగంటి గంపలోంచి తొంగిచూస్తుంటే వారం ముందు రాసుకున్న చీటీ మడిచి జేబులో పెట్టుకోవాల్సిందే.

రైతులు నేరుగా అమ్ముకునే బజార్లు మన దగ్గరే కాదు, పంజాబ్‌లో 1987లోనే ‘అప్నీ మండీ’ వచ్చింది. మన రైతుబజార్ వచ్చిన ఏడాదే, నవంబరు 14న, మదురైలో ‘ఉళవర్ సందై’ తెరిచారు. మన గడ్డిఅన్నారానికి ఊరూరా పేరు తెచ్చిన పండ్ల మార్కెట్టేమో బాటసింగారం వెళ్లిపోయింది. కూరగంపలు మాత్రం ఇక్కడే ఉన్నాయి, దిష్టి తగలకూడదు.

ఒక దండ సైకిలుకు కూడా. క్యారియర్‌కు బుట్ట కట్టుకుని గల్లీ గల్లీ తిరిగి ఆకుకూరలమ్మే వాళ్లు లేకపోతే, మూడో అంతస్తులోని మోకాళ్ల నొప్పుల పెద్దమ్మకు బజారు ఎంత దగ్గరున్నా దూరమే. 2020 లాక్‌డౌన్‌లో సంచార రైతుబజార్ల పేరుతో బండ్లు కాలనీల్లోకి వచ్చాయి. మళ్లీ ఆ రోజులు వద్దు గానీ, ఆ పద్ధతి మాత్రం కావాలి.

ఇంకో అడుగు ముందుకేసిన వాళ్లూ ఉన్నారు. జపాన్‌లో 1970ల్లోనే గృహిణులు రైతులతో నేరుగా ఒప్పందాలు కుదుర్చుకున్నారు. అమెరికాలో 1986లో ఇలాంటి ఒప్పందంతో నడిచే తోటలు మొదలయ్యాయి: విత్తు వేయకముందే డబ్బు కట్టడం, పండినంతా పంచుకోవడం, ఎండితే ఆ నష్టాన్నీ పంచుకోవడం. ఇక్కడ తార్నాకలోని సుస్థిర వ్యవసాయ కేంద్రం ‘సహజ ఆహారం’ పేరుతో రైతు సంఘాల పంటను నగరానికి తెచ్చింది. పాతికేళ్లూ రైతే మన దగ్గరికి నడిచొచ్చాడు. ఈసారి గడ్డిఅన్నారంలో ఒక్క గల్లీ వాళ్లం కలిసి, తొలకరికి ముందే ఒక్క రైతు కుటుంబానికి బయానా ఇద్దాం. గంప బజారు దాకా బస్సులో వస్తుంది, అక్కణ్నుంచి మన గుమ్మానికి సైకిలు మీద. బోడకాకర ఇంటికి పావు కిలోనే వస్తే పావు కిలోనే. పాతికేళ్ల శుభాకాంక్షలు అక్కా, అన్నా! బయానా ఎంతో చెప్పండి.