అన్న పిల్లలకు తండ్రి, జాతికి పెద్దదిక్కు: ఫుట్‌బాల్ ఆటగాడు డగ్ నికోల్స్

ఏటా మే నెలలో ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ లీగ్ జట్లు మూలవాసుల బొమ్మలు వేసిన జెర్సీలు తొడుక్కొని మైదానంలోకి దిగుతాయి. ఆ మ్యాచ్‌లకు 2016 నుంచి ఒక మూలవాసి పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆయనే సర్ డగ్ నికోల్స్. 1988 జూన్ 4న కన్నుమూసిన ఈ యోర్టా యోర్టా బిడ్డ ఆటగాడు, పాస్టర్, ఉద్యమకారుడు, చివరికి ఒక రాష్ట్రానికి గవర్నర్. కృష్ణగిరి, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఉండే మనకు ఆయన పేరు కొత్త కావచ్చు. ఆయన పడ్డ అవమానాలు మాత్రం మనకు కొత్తవి కావు. చావు జరిగిన ఇంటికి ఆయన అండగా నిలిచిన తీరు మనం తెలుసుకోవాల్సింది.

డగ్ నికోల్స్ 1906 డిసెంబర్ 9న కమరగంజలో పుట్టాడు. ముర్రే నది ఒడ్డున, న్యూసౌత్‌వేల్స్ వైపున ఉన్న మూలవాసుల కాలనీ అది. అక్కడ ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో, ఎవరికి ఎంత రేషన్ ఇవ్వాలో తెల్ల మేనేజర్‌దే పెత్తనం. డగ్‌కు ఎనిమిదేళ్లప్పుడు పోలీసులు వచ్చి పదహారేళ్ల అక్క హిల్డాను ఇంట్లోంచి బలవంతంగా తీసుకుపోయారు. తెల్లవాళ్ల ఇళ్లలో పనిమనిషిగా పెట్టేందుకు కూటమండ్రా శిక్షణ గృహంలో చేర్చారు. అలా ప్రభుత్వం ఎత్తుకుపోయిన పిల్లలను ఆ దేశం ఇప్పుడు దోపిడీకి గురైన తరాలు అని పిలుచుకుంటోంది. చదువు ఎక్కువ సాగక డగ్ గొర్రెల ఫారాల్లో పనికి కుదిరాడు. ఉన్ని కత్తిరించేటప్పుడు గొర్రెలకు తగిలిన గాయాలకు తారు పూయడం ఆయన పని.

ఆస్ట్రేలియా వాళ్ల ఫుట్‌బాల్ మనం టీవీలో చూసేది కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని కాలితో తన్నవచ్చు, చేత్తో పట్టవచ్చు. జట్టుకు పద్దెనిమిది మంది. అయిదడుగుల రెండంగుళాల డగ్ ఎత్తులో అందరికన్నా పొట్టి, పరుగులో మాత్రం ఆయనను అందుకోవడం కష్టం. 1927లో మెల్‌బోర్న్‌కు వచ్చి కార్ల్‌టన్ క్లబ్‌లో చేరబోయాడు. ఒంటి నుంచి వాసన వస్తుందని అక్కడి ఆటగాళ్లు ఫిర్యాదు చేశారు. తన ఒంటి రంగే అసలు కారణమని డగ్‌కు తెలుసు. క్లబ్ ఆయనను వద్దనుకుంది.

వాసన అనే మాట దగ్గర మనం ఒక్క క్షణం ఆగాలి. మాల గేరి, మాదిగ గేరి పిల్లలు బడిలో, హోటల్‌లో, బస్సులో వినీ వినీ అలసిపోయిన మాట అది. మన దేశంలోనూ అంతకు ముందు కాలపు క్రికెట్‌లో పల్వంకర్ బాలూ అనే దళిత బౌలర్ ఉండేవాడు. మైదానంలో ఆయన వేసిన బంతి అందరికీ కావాలి. విరామంలో టీ మాత్రం ఆయనకు పెవిలియన్ బయట, విడిగా మట్టి ముంతలో పోసేవారు.

డగ్ వెనక్కి తగ్గలేదు. నార్త్‌కోట్ జట్టులో చేరి 1929లో ఛాంపియన్‌షిప్ గెలిచిన జట్టులో ఆడాడు. 1932లో ఫిట్జ్‌రాయ్ ఆయనను పెద్ద లీగ్‌లోకి తీసుకుంది. మొదట్లో బట్టలు మార్చుకునే గదిలో ఒక మూల ఒంటరిగా కూర్చునేవాడు. ఆ రోజుల్లో దేశంలోనే పేరున్న ఆటగాడు హేడన్ బంటన్ వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాతే మిగతావాళ్లూ దగ్గరయ్యారు. 1937 వరకు డగ్ ఫిట్జ్‌రాయ్‌కు 54 మ్యాచ్‌లు ఆడాడు. 1935లో విక్టోరియా రాష్ట్ర జట్టుకు ఎంపికయ్యాడు. ఫుట్‌బాల్ లేని నెలల్లో పొట్ట కోసం పరుగు పందేల్లో పాల్గొన్నాడు, ఊరూరా తిరిగే గుడారంలో బాక్సింగ్ ఆడాడు.

ఆట వల్ల వచ్చిన పేరును ఆయన తన జనం కోసం వాడాడు. 1938 జనవరి 26న తెల్లవాళ్లు వచ్చి దిగి 150 ఏళ్లు నిండాయని ప్రభుత్వం వేడుకలు చేసింది. అదే రోజున మూలవాసులు సిడ్నీలోని ఆస్ట్రేలియా హాల్‌లో సంతాప దినం జరిపారు. టౌన్ హాల్ వాళ్లకు దొరకలేదు. దొరికిన హాల్‌లోకి కూడా వెనక తలుపు నుంచి పోవాల్సి వచ్చింది. కమరగంజ పెద్దాయన విలియం కూపర్ తదితరులతో పాటు డగ్ కూడా ఆ సభలో మాట్లాడాడు. అక్కడ కూర్చున్నవాళ్లు చనిపోయినవారి కోసం ఏడ్చి ఊరుకోలేదు, పౌరహక్కులు కావాలని తీర్మానం చేశారు. మనకు జనవరి 26 రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజు. వాళ్లకు అది భూమి పోయిన రోజు.

తర్వాత దుఃఖం ఆయన ఇంటికే వచ్చింది. 1942లో అన్న హోవర్డ్ కారు ప్రమాదం వల్ల చనిపోయాడు. వదిన గ్లాడిస్, చిన్న పిల్లలు మిగిలారు. ఆ సంవత్సరం డిసెంబర్‌లో డగ్ గ్లాడిస్‌ను పెళ్లాడాడు. అన్న పిల్లలను, తర్వాత తమకు పుట్టిన పిల్లలను ఒకే ఇంట్లో పెంచారు. అప్పటికే ఫిట్జ్‌రాయ్ పోలీసులు కోరడంతో సైన్యం ఆయనను విడుదల చేసింది. పేదరికం, తాగుడు మధ్య నలుగుతున్న ఆ వాడ మూలవాసుల మధ్య పనిచేయగలవాడు ఆయనేనని వాళ్లకు తెలుసు. గోర్ స్ట్రీట్ చర్చిలో పాస్టర్‌గా ఉంటూ డగ్ ఆ వాడకు పెద్దదిక్కయ్యాడు. పల్లెల నుంచి నగరానికి వచ్చే మూలవాసి ఆడపిల్లల కోసం నార్త్‌కోట్‌లో హాస్టల్ నడవడంలో గ్లాడిస్ కష్టం చాలా ఉంది. డగ్ పేరు చెప్పినప్పుడు ఆమె పేరు కూడా చెప్పాలి.

1957లో మొదలైన ఆదిమవాసుల అభ్యున్నతి లీగ్‌లో డగ్ క్షేత్రస్థాయి కార్యకర్తగా పనిచేశాడు. లేక్ టైర్స్ కాలనీని మూసి అక్కడి వాళ్లను చెదరగొట్టాలని ప్రభుత్వం చూసినప్పుడు సంక్షేమ బోర్డు పదవికి రాజీనామా చేసి జనంతో నిలబడ్డాడు. 1971లో ఆ భూమి అక్కడి మూలవాసుల చేతికి వచ్చింది. 1967 రెఫరెండంలో నూటికి 90 మందికి పైగా మూలవాసుల పక్షాన ఓటు వేయడం వెనక ఆయన తరం ఏళ్ల తరబడి చేసిన ప్రచారం ఉంది.

1972లో సర్ బిరుదు వచ్చింది. మూలవాసుల్లో ఆ బిరుదు అందుకున్న మొదటివాడు ఆయనే. 1976లో సౌత్ ఆస్ట్రేలియా గవర్నర్ అయ్యాడు. అనారోగ్యంతో కొద్ది నెలల్లోనే దిగిపోయాడు. మన కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య 1960లో ముఖ్యమంత్రి అయినప్పుడు దళితవాడల్లో కలిగిన సంతోషం లాంటిదే అక్కడి వాడల్లోనూ కలిగి ఉంటుంది. రాణి ఇచ్చిన బిరుదు తీసుకున్నాడని, మెతకగా మాట్లాడతాడని కొందరు యువ కార్యకర్తలు ఆయనను తప్పుపట్టారు. ఆ విమర్శను దాచాల్సిన పని లేదు. ఒక్క మనిషికి కుర్చీ దొరికితే జాతి బాధలు తీరవని సంజీవయ్య తర్వాతి కాలం మనకూ నేర్పింది.

డగ్ చనిపోయినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆయనను పూడ్చింది మాత్రం పుట్టిన కమరగంజ మట్టిలోనే.

మన పడమటి పల్లెల్లో సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతలకు పోయి తిరిగిరాని కూలీలు ఉన్నారు. కబడ్డీలో ఊరికి కప్పులు తెచ్చి, వయసు మళ్లాక మూటలు మోస్తూ చనిపోయిన ఆటగాళ్లు ఉన్నారు. చనిపోయిన రోజు ఫ్లెక్సీ కడతాం, దండ వేస్తాం, దినాల దాకా పోయి వస్తాం. ఆ తర్వాత ఆ ఇంట్లో పిల్లల బడి ఆగిందా, హాస్టల్ సీటు దొరికిందా, వితంతు పింఛను కాగితాలు ఎవరు రాసిపెట్టారు అని అడిగేవాళ్లు తక్కువ. ఆట చూసి చప్పట్లు కొట్టిన ఊరు ఆ ఇంటి బాధ్యతలో కూడా పాలు పంచుకోవాలి. ప్రతి సంఘం, ప్రతి యూత్ క్లబ్ ఒక్కో కుటుంబాన్ని ఒక ఏడాది పాటు పట్టించుకున్నా చాలామంది పిల్లలు బడిలోనే ఉంటారు. అన్న పోయాక డగ్ నికోల్స్ తన ఇంట్లో మొదలుపెట్టిన పని అదే.

సర్ డగ్ నికోల్స్‌కు, గ్లాడిస్ నికోల్స్‌కు జోహార్లు. జై భీమ్.