ప్రజాకవి సుద్దాల హనుమంతు

నిజాము పాలననాటి తెలంగాణ పల్లెలలో కూటికి కరవు గాని పాటకు కరవు లేదు. నాటు వేయునపుడొక పాట, విసురునపుడొక పాట, బతుకమ్మ చుట్టూ మరొక పాట. గొంగడి భుజాన వేసికొని గొల్లసుద్దులవారు ఊరిలో దిగినచో జనులు ప్రొద్దుపోవువరకు కదలెడివారు కారు. ఆ బాణీలను అట్లే ఉంచి, మాటను మాత్రము మార్చి, వినువారి బ్రతుకునే వారికి వినిపించిన కవి సుద్దాల హనుమంతు.

ఆయన పుట్టినది మోత్కూరు సమీపమునగల పాలడుగులో, చేనేత కుటుంబమున. సుద్దాలలో స్థిరపడుటచే ఆ ఊరి పేరే ఇంటిపేరైనది. బడిచదువు స్వల్పము, యక్షగానములపై మక్కువ మెండు. హైదరాబాదులో కొంతకాలము కొలువు చేసి, ఆర్యసమాజ భావములతో పరిచయమేర్పడి, తుదకు పల్లెకే మరలినారు.

1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో ఆంధ్రమహాసభ జరిగినది. అటు పిమ్మట ఊరూర సంఘములు వెలసినవి. హనుమంతు సంఘమునకు పాటగాడైనారు. అక్షరము రాని రైతుకు కరపత్రము దేనికి? వెట్టి యన నేమో వానికి ఒకరు చెప్పనక్కరలేదు. దానిని కాదనవచ్చునని చెప్పవలెను. ఉపన్యాసము మరునాటికి మరపునకు వచ్చును. పాట నాగలి వెంట పొలమునకు పోవును.

గొల్లసుద్దులలో ప్రధాన కథకుడు పశుసంపదను గూర్చియు, కాటమరాజును గూర్చియు చెప్పుచుండగా, ప్రక్కవాడు హాస్యమాడుచు ప్రశ్నలు వేయును. హనుమంతు ఆ వేషమును గాని, ఆ హాస్యమును గాని విడువలేదు. ప్రశ్న మాత్రము మారినది: దొర గడిలో ఊరక ఏల చాకిరి చేయవలె? నవ్వుచున్న రైతు ఆలోచనలో పడెడివాడు. ‘వీర తెలంగాణ’ యక్షగానమును గూడ ఆయన రచించినారు. భార్య జానకమ్మయు ఉద్యమమున పాలుపంచుకొన్నారు.

బాణీ అరువు తెచ్చుకొన్నవాడు కవి యెట్లగునని విద్యార్థులు అడుగుట కలదు. పాల్కురికి సోమనాథుడు ద్విపదను చేపట్టినది జనుల నోటినుండియే కదా! చూపు ఎవరిదన్నదే ముఖ్యము. నా మట్టుకు, హనుమంతు పాటలలో నినాదము హెచ్చినవి సందర్భముతోపాటు కొంత వాడినవనిపించును. పసులకాపరి బాలునిపై వ్రాసినది వాడలేదు. చిరిగిన అంగీతో చలిలో పసుల వెంటనున్న పిల్లవానిని పెద్దవాడొకడు దారిలో ఆపి యోగక్షేమములు అడుగుచున్నట్లు ఆ పాట సాగును. కోపమంతయు ఆ జాలి వెనుక దాగియున్నది.

1948 సైనికచర్య తరువాత దళములు మా ఇల్లందు, పాల్వంచ అడవులవైపు తరలినవి. అచ్చుకాగితము చేతనుండుటయే ప్రమాదమైన దినములవి. నోటనున్న పాటను సోదా చేయగలవారెవరు? 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడినది.

గౌతమ్ ఘోష్ దర్శకత్వమున 1980లో విడుదలైన ‘మా భూమి’ చిత్రమునకు వింజమూరి సీత సంగీతము కూర్చినారు. పసులకాపరి పాట అందులో చేరి ఊరూర మ్రోగినది. కవి పేరు మాత్రము అంతగా వినబడలేదు. అది ఎవరు కట్టినదో తెలియని జానపదగేయమని పెక్కుమంది తలచినారు. అట్లు తలచుట ఆయనకు అన్యాయమా, గౌరవమా? రెండును అనియే నాకు తోచును.

1982 అక్టోబరు 10న హనుమంతు కన్నుమూసినారు. చలనచిత్ర గీతరచయిత సుద్దాల అశోక్ తేజ ఆయన కుమారుడే.